పెట్టె వచ్చింది, లోపల మన వస్తువు లేదు: రిటర్న్ మోసాల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో చిన్నగా అమ్ముకునేవాళ్ళవే. అందరి బాధా దాదాపు ఒకటే, పంపింది ఒకటి, తిరిగొచ్చింది ఇంకోటి, డబ్బు మాత్రం కొన్నవాళ్ళకి వెళ్ళిపోయింది. నేనూ ఎనిమిదేళ్ళు ఇలాగే అమ్మినదాన్నే కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశా. రాసినవాళ్ళ పేర్లు, ఊళ్ళు తీసేశాను.

ప్రశ్న: రెండేళ్ళుగా కంప్యూటర్లలో వాడే పాత గ్రాఫిక్స్ కార్డులు కొని, క్లీన్ చేసి, టెస్ట్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నానండి. పోయిన నెల ఒకాయన ఒక కార్డు కొన్నాడు, వారం తర్వాత డిస్‌ప్లే రావట్లేదని రిటర్న్ పెట్టాడు. తిరిగొచ్చిన కార్డు పైకి చూస్తే నాదే, స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ కూడా నాదే. ఫ్యాన్లు విప్పి చూస్తే లోపల బోర్డు వేరే, అదీ కాలిపోయిన బోర్డు. ప్లాట్‌ఫాం వాళ్ళకి చెప్తే వస్తువు మీకు చేరింది కదా, రిఫండ్ అయిపోయింది అంటున్నారు. ఏమైనా చెయ్యగలనా, వదిలెయ్యడమేనా?

జవాబు: వదిలెయ్యకండి. ముందు ఆ కార్డుని మళ్ళీ విప్పడం, తుడవడం, బిగించడం ఏమీ చెయ్యకుండా ఎలా ఉందో అలా పక్కన పెట్టండి. అది వచ్చిన అట్టపెట్టె, దాని మీద లేబుల్, లోపల చుట్టిన కవర్లు అన్నీ దాచండి, రేపు ప్లాట్‌ఫాం వాళ్ళు అడిగినా పోలీసులు అడిగినా చూపించడానికి మీ దగ్గరున్నది అదే.

తర్వాత మీ పాత ఫైళ్ళు వెతకండి. టెస్ట్ చేసి అమ్ముతా అన్నారు కదా, ఆ టైంలో కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ లాంటి ప్రోగ్రాం స్క్రీన్‌షాట్ తీసే అలవాటు ఈ పని చేసేవాళ్ళకి చాలామందికి ఉంటుంది, కొందరు లిస్టింగ్‌లో, అంటే అమ్మకానికి పెట్టిన పేజీలో కూడా పెడతారు. అందులో బయోస్, అంటే కార్డులోని సాఫ్ట్‌వేర్, వెర్షన్ ఉంటుంది, మెమరీ ఏ కంపెనీదో కూడా ఉంటుంది. ఇప్పుడు ఆ కాలిన బోర్డు మీద, మధ్యలో పెద్ద చిప్పు చుట్టూ ఉండే చిన్న నల్ల మెమరీ చిప్పుల మీదకి లైటు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడండి, వాటి మీద కంపెనీ గుర్తు సన్నగా కనిపిస్తుంది. మీ స్క్రీన్‌షాట్‌లో శాంసంగ్ అని ఉండి ఈ బోర్డు మీద మైక్రాన్ గుర్తు ఉందనుకోండి, ఇంక స్టిక్కర్ గురించి వాదనే అక్కర్లేదు. స్టిక్కర్ ఎవరైనా ఊడదీసి అంటిస్తారు, మెమరీ చిప్పులు మార్చి పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఇది పట్టుకుని అప్పీల్ వెయ్యండి. అమెజాన్‌లో అయితే సెల్లర్లు నష్టం తిరిగి అడగడానికి సేఫ్-టీ క్లెయిమ్ అని విడిగా ఉంది, మిగతాచోట్ల అప్పీల్ అనో, బయ్యర్ మీద రిపోర్ట్ అనో ఉంటుంది. వీటన్నిటికీ గడువులు ఉంటాయి, అవి నెలల్లో కాకుండా రోజుల్లో ఉంటాయి కాబట్టి ఇది చదివిన రోజే మొదలుపెట్టండి. రాసేటప్పుడు మీ కష్టం, మీ కోపం, రెండేళ్ళ చరిత్ర ఏవీ రాయకండి. అవతల చదివే మనిషికి మీ కేసు మీద పెట్టడానికి కొన్ని నిమిషాలే ఉంటాయి. మొదటి వాక్యంలోనే పంపిన కార్డులో మెమరీ ఫలానా కంపెనీ, తిరిగొచ్చినదాంట్లో ఫలానా కంపెనీ, ఫోటో 1 చూడండి, ఫోటో 2 చూడండి, అంతే. మొదటిసారి కాదన్నారంటే మళ్ళీ వెయ్యండి, చాలాసార్లు మొదటి జవాబు ఎవరూ పూర్తిగా చదవకుండానే వస్తుంది. పోలీస్ కంప్లయింట్ కూడా ఇచ్చి దాని నంబర్ అప్పీల్‌లో రాయండి. పోలీసులు రేపే వెళ్ళి పట్టుకుంటారని చెప్పట్లేదు, కానీ ఆ నంబర్ ఉన్న అప్పీల్‌ని తీసి పక్కన పడెయ్యడం కొంచెం కష్టం.

నాకు జరిగింది చెప్తాను. నేను పాత ఫిల్మ్ కెమెరాలు రిపేర్ చేసి అమ్మేదాన్ని. ఒకసారి ఒక కెమెరా వెనక తలుపు కీలు దగ్గర నాలుగు స్క్రూల్లో ఒకటి పోయింది, అదే సైజుది కొత్తది వేశా, మిగతా మూడూ నల్లబడి ఉంటే అదొక్కటే తళతళా మెరిసేది. ఆ కెమెరా అమ్ముడుపోయి, పది రోజులకి షట్టర్ పనిచెయ్యట్లేదని తిరిగొచ్చింది. నేను చుట్టిన బబుల్ ర్యాప్‌లోనే, నా టేపుతోనే వచ్చింది. తీసి చేత్తో పట్టుకుంటే ఏదో తేడా, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే నాలుగు స్క్రూలూ ఒకే నలుపు. కాళ్ళూ చేతులూ ఆడలేదు ఆ నిమిషంలో. అది నా కెమెరా కాదని నాకు ఎంత తెలిసినా, మెరిసే స్క్రూ ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ముందు నుంచి తీసిన అందమైన ఫోటోలు పన్నెండు ఉన్నాయి, వెనక కీలు ఎవరు తీస్తారు? క్లెయిమ్ పోయింది. ఆ తర్వాత నేను అమ్మిన ప్రతి వస్తువుకీ గీతలు, సొట్టలు, స్క్రూ తలలు, లోపలి నంబర్లు, అన్నీ దగ్గరగా తీసి పెట్టుకున్నా, వాటిలో ఒకటి రెండు లిస్టింగ్‌లోనే పెట్టేదాన్ని, చూసేవాడికి ఈవిడ అన్నీ రికార్డు చేస్తోందని ముందే అర్థమయ్యేలా.

మీ కార్డుల విషయంలో కూడా ఇకనుంచి బోర్డుని ఫ్యాన్లున్న కూలర్‌కి బిగించే స్క్రూల్లో ఒకదాని తల మీద, తీస్తే చిరిగిపోయే సీల్ అంటించండి, దాని ఫోటో తీసి పెట్టుకోండి. ప్యాకింగ్ వీడియో ఆపకుండా ఒకే టేక్‌లో తియ్యండి, అందులో సీల్ కనపడాలి, నంబర్ కనపడాలి, పెట్టె మూసి లేబుల్ అంటించి తూకం వెయ్యడం దాకా కనపడాలి. రిటర్న్ వచ్చినప్పుడు కూడా అంతే, తెరవకముందే తూకం వేసి, ఆరు వైపులా చూపించి, అప్పుడు కెమెరా ముందే కోయండి. మధ్యలో కట్ ఉన్న వీడియో పంపితే మీరే మార్చారని అనడానికి వాళ్ళకి దారి ఇచ్చినట్టే.

ప్లాట్‌ఫాం వాళ్ళు ఎప్పుడూ కొన్నవాడి వైపే ఎందుకుంటారు అని చాలామంది రాశారు, దానికీ ఇక్కడే చెప్తాను. అమెరికాలో దుకాణదారుల సంఘం నేషనల్ రిటైల్ ఫెడరేషన్ 2023కి వేసిన అంచనా ప్రకారం ఆ ఏడాది అక్కడి రిటైల్ రిటర్నులు మొత్తం 74,300 కోట్ల డాలర్ల విలువైనవి, అందులో 13.7 శాతం మోసపు రిటర్నులు. అంటే విలువలో వందకి 86 పైన మామూలువే, కాబట్టి అన్నిటినీ నమ్మేసి త్వరగా డబ్బు తిరిగిచ్చేస్తే కొనేవాళ్ళు సంతోషంగా మళ్ళీ వస్తారని వాళ్ళ లెక్క. పెద్ద కంపెనీ ఆ పదమూడు పద్నాలుగు శాతాన్ని అమ్మకాల ఖర్చులో కలిపేసుకుని ముందుకెళ్ళిపోతుంది. నెలకి ఇరవై వస్తువులు అమ్ముకునే మనిషికి ఒక్కటి పోయినా ఆ నెల మిగిలేది ఏముంటుంది? ఆ భారం మన మీద వెయ్యడం అన్యాయమే, నేను ఇన్నేళ్ళూ అదే చెప్తున్నా.

ప్రశ్న: నా రిటర్న్ పార్సెల్ డెలివర్ అయిపోయిందని ట్రాకింగ్‌లో చూపిస్తోంది, కానీ నాకు ఏ పార్సెలూ రాలేదు. ఆ రోజు వచ్చింది ఒక పల్చటి కవరు, అందులో ఏదో ప్రకటన కాగితం ఉంటే పారేశాం. రిఫండ్ ఆటోమేటిక్‌గా వెళ్ళిపోయింది. ఇది కొరియర్ వాళ్ళ తప్పా?

జవాబు: కొరియర్ వాళ్ళది కాకపోవచ్చు. ఆ పల్చటి కవరే మీ రిటర్న్ అయ్యుండొచ్చు. మోసం చేసేవాళ్ళు మీరిచ్చిన రిటర్న్ లేబుల్‌నే వస్తువు ఉన్న పెట్టెకి కాకుండా చెత్త కాగితం పెట్టిన కవరుకి అంటించి పంపేస్తారు, లేదా లేబుల్ మీద బార్‌కోడ్ ఒక్కటి ఉంచి అడ్రస్ మార్చేస్తారు, అప్పుడది మీ ఏరియాలోనే ఇంకెవరింటికో చేరుతుంది. బయటికి కనిపించే ట్రాకింగ్ పేజీలో ఊరు పేరే ఉంటుంది గానీ ఇంటి నంబర్ ఉండదు కదా, సిస్టమ్‌కి డెలివరీ స్కాన్ పడితే చాలు, డబ్బు కదిలిపోతుంది. వస్తువుని ఎవరూ చూడలేదు, స్కాన్‌ని చూశారు. ఈ మోసాలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది, మనం వస్తువు గురించి మాట్లాడుతూ ఉంటాం, అవతల నిర్ణయం అంతా స్కాన్ మీద నడుస్తుంది, కాబట్టి మనం కూడా వెళ్ళి ఆ స్కాన్ వెనకాల ఏముందో బయటికి లాగాలి.

కొరియర్ కంపెనీకి ట్రాకింగ్ నంబర్ ఇచ్చి డెలివరీ ప్రూఫ్ పూర్తిగా అడగండి. డెలివర్డ్ అన్న ఒక్క ముక్క సరిపోదు, ఏ అడ్రస్‌లో ఇచ్చారు, ఎవరు సంతకం పెట్టారు, ఫోటో ఉందా, లొకేషన్ నమోదైందా, అన్నిటికంటే ముఖ్యంగా మధ్యలో మెషీన్ మీద ఎంత తూకం పడింది, ఇవన్నీ రాతపూర్వకంగా కావాలనండి. మీరు పంపినప్పుడు కిలోన్నర ఉన్న పార్సెల్ తిరిగొచ్చేటప్పుడు ముప్ఫై గ్రాములు ఉందంటే ఆ కాగితం ఒక్కటే మీ అప్పీల్‌కి ప్రాణం. ఫోన్‌లో ఒకాయన కుదరదంటే ఇంకోసారి చేయండి, కంప్లయింట్ నంబర్ తీసుకోండి, మెయిల్ పెట్టండి. సెల్లర్లు అలిసిపోయి వదిలేసేది ఎక్కువగా ఇక్కడే.

ఆ కవరు పారేశారు సరే, పోయిందాని గురించి బాధపడకండి. ఇంట్లో అందరికీ చెప్పండి, రిటర్న్ రావాల్సిన రోజుల్లో లేబుల్ ఉన్న ఏ కవరు వచ్చినా, అది ప్రకటన అయినా ఖాళీది అయినా, లేబుల్‌కి ఫోటో తియ్యకుండా చెత్తబుట్టలో వెయ్యొద్దని.

ప్రశ్న: మా తమ్ముడు టెలిగ్రామ్‌లో ఒక గ్రూపులో చేరాడక్కా. వస్తువు కొనుక్కుంటే చాలు, రిఫండ్ వాళ్ళే తెప్పిస్తారట, వచ్చినదాంట్లో కొంత శాతం వాళ్ళకివ్వాలట. కంపెనీకే కదా నష్టం, ఎవరికీ ఏం కాదు అంటున్నాడు. ఎలా చెప్పాలి వాడికి?

జవాబు: ముందు వాడిని ఆపమ్మా, ఈ రోజే ఆపు. ఎవరికీ ఏం కాదన్న మాట తప్పు. మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్ళలో పెద్ద భాగం విడి సెల్లర్లే, ఆ రిఫండ్ చాలాసార్లు వాళ్ళ ఖాతాలోంచే కోస్తారు, పైన ఉత్తరాలు రాసిన ఇద్దరూ అలాంటివాళ్ళే.

2023 డిసెంబర్‌లో అమెజాన్ రెక్ అనే గ్రూపు మీద అమెరికాలో కోర్టుకెళ్ళింది. సరిగ్గా మీ తమ్ముడు చెప్తున్న పనే, టెలిగ్రామ్‌లాంటి చోట్ల మనుషుల్ని చేర్చుకుని, లోపల పనిచేసే కొందరికి లంచాలిచ్చి, తిరిగి రాని వస్తువుని తిరిగొచ్చినట్టు సిస్టమ్‌లో మార్క్ చేయించి రిఫండ్లు తీయించారని ఆరోపణ. ఆ దావాలో గ్రూపు నడిపినవాళ్ళతోపాటు వాళ్ళ ద్వారా రిఫండ్లు తీసుకున్న మామూలు కస్టమర్లని కూడా ప్రతివాదులుగా చేర్చారు. మీ తమ్ముడు చూడాల్సింది అది. ఆర్డర్ వాడి పేరు మీద, అడ్రస్ వాడిది, డబ్బు పడిన అకౌంట్ వాడిది, గ్రూపు నడిపేవాడికి మాత్రం ఒక మారుపేరు తప్ప ఏమీ లేదు. దొరికేది ఎవరో వాడినే చెప్పమను.

దొరకరనుకునేవాళ్ళు దొరికిన కేసులు ఇంకా ఉన్నాయి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఒక భార్యాభర్తలు వందల దొంగ అకౌంట్లతో ఎలక్ట్రానిక్స్ తెప్పించుకుని, పాడైపోయి వచ్చాయని చెప్పి వాటికి బదులు కొత్తవి ఉచితంగా తీసుకుని అమ్మేసేవాళ్ళు, 12 లక్షల డాలర్లకి పైన తేలింది, 2018లో ఇద్దరికీ దగ్గరదగ్గర ఆరేసి ఏళ్ళు జైలు పడింది. స్పెయిన్‌లో పాల్మా అనే ఊళ్ళో ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్ళవాడు, వస్తువు తీసేసుకుని పెట్టెలో సరిగ్గా అంతే బరువు మట్టి నింపి తిరిగి పంపేవాడని 2019లో పట్టుకున్నారు, పత్రికల్లో వచ్చిన లెక్క 3,30,000 యూరోలు. ఒక పెట్టెని తెరిచి చూసేసరికి మొత్తం బయటపడిందట. తూకం సరిపోయింది కదా అని పెట్టె తెరవకుండా అంగీకరించకూడదని సెల్లర్లకి నేను చెప్పేది కూడా అందుకే.

ప్రశ్న: పార్టీ డ్రెస్సులు అమ్ముతాను. వారాంతానికి ముందు కొని, సోమవారం తిరిగి పంపేస్తున్నారు. ట్యాగ్ ఉంటుంది, కానీ చంకల దగ్గర చెమట, మెడ దగ్గర మేకప్ మరక, సెంటు వాసన. ట్యాగ్ ఉంది కదా అని రిఫండ్ ఇచ్చేయమంటున్నారు.

జవాబు: మీ ట్యాగ్ ఎక్కడుంది? మెడ వెనక లోపల ఉంటే దాన్ని లోపలికి మడిచేసి వేసుకుని వెళ్ళిపోతారు. నడుం ముందో, భుజం మీదో, బయటికి కనపడే చోట పెద్ద ట్యాగ్ వెయ్యండి, తెంపితే మళ్ళీ తగిలించడానికి వీలుకాని లాక్‌తో, ఇది తీసేస్తే రిటర్న్ లేదని దాని మీదే రాయండి. ఇంట్లో వేసుకుని అద్దంలో చూసుకోడానికి అదేమీ అడ్డు కాదు, నలుగురిలోకి వెళ్ళడానికి మాత్రం అడ్డు. నాకు తెలిసిన ఒకావిడ ఈ ఒక్క మార్పుతోనే సోమవారం రిటర్నులు బాగా తగ్గాయని చెప్పింది.

చట్టం సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకి కారణం చెప్పకుండా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చేసే హక్కు ఇచ్చింది, కానీ అదే డైరెక్టివ్‌లో వస్తువు ఎలా ఉందో చూసుకోడానికి అవసరమైన దానికంటే ఎక్కువ వాడి విలువ తగ్గిస్తే ఆ తరుగు కొన్నవాళ్ళదే అని కూడా ఉంది. అక్కడికి అమ్మే మన తెలుగువాళ్ళు చాలామంది మొదటి సగం మాత్రమే విని భయపడి మొత్తం ఇచ్చేస్తున్నారు. ఈబే, అమెజాన్ లాంటిచోట్ల కూడా వాడి పంపిన వస్తువుకి కొన్ని షరతుల మీద రిఫండ్‌లో కొంత కోసుకోనిస్తారు, మీ ప్లాట్‌ఫాం రిటర్న్ పాలసీలో ఆ పేరా వెతికి, మరక ఫోటో పెట్టి, కోత అడగండి. వాసనకి ఫోటో తియ్యలేం కదా, మేకప్ మరక, చెమట గీత అయితే పడతాయి, డ్రెస్సుని కిటికీ వెలుగులో తిరగేసి లోపలి వైపు నుంచి తియ్యండి, బయటికంటే బాగా కనిపిస్తాయి.

ప్రశ్న: రిటర్న్స్ తీసుకోను అని లిస్టింగ్‌లో పెట్టేస్తే గొడవ వదిలిపోతుందా?

జవాబు: పోదండి. నచ్చలేదు, సైజు సరిపోలేదు అనేవాళ్ళు ఆగుతారు, మోసం చేసేవాడు ఆగడు, వాడు ఎటూ వస్తువు చెప్పినట్టు లేదని క్లెయిమ్ వేస్తాడు, దానికి మీ నో రిటర్న్స్ అడ్డు రాదు. అక్కడా కాకపోతే పేపాల్‌లో 180 రోజుల దాకా డిస్ప్యూట్ పెట్టొచ్చు, వీసా, మాస్టర్‌కార్డ్ కార్డుల మీద ఛార్జ్‌బ్యాక్‌కి, అంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి తెప్పించుకోడానికి, చాలా సందర్భాల్లో 120 రోజుల దాకా టైం ఉంటుంది. అందుకే ప్యాకింగ్ వీడియోలు నెల కాగానే డిలీట్ చెయ్యకండి, ఆర్నెల్లు దాటేదాకా ఉంచండి. రిటర్న్స్ లేవని పెడితే మీరు పోగొట్టుకునేది అసలు మంచి కస్టమర్లని. ఇంకో మాట, ఈబేలో 2008 నుంచి సెల్లర్లు కొన్నవాళ్ళకి చెడ్డ రేటింగ్ ఇవ్వడానికే లేదు, కాబట్టి మిగతా సెల్లర్లు హెచ్చరించి ఉంటారులే అనుకోకుండా ఎవరి జాగ్రత్త వాళ్ళే పడాలి, అలాంటివాళ్ళని బ్లాక్ లిస్టులో పెట్టుకోవడం, ప్రతిసారీ బయ్యర్ రిపోర్ట్ వెయ్యడం మానొద్దు.

ప్రశ్న: నేను కొనేవైపు మనిషిని. కొత్త హెడ్‌ఫోన్స్ ఆర్డర్ చేస్తే పెట్టెలో వాడేసిన, నకిలీలా ఉన్నవి వచ్చాయి. వెంటనే రిటర్న్ పెట్టాను. ఇప్పుడు సెల్లర్ నువ్వే మార్చి పంపావు అని మెసేజ్‌లు పెడుతున్నాడు. జీవితంలో ఎవరిదీ రూపాయి తినలేదు, రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు.

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఒకరిని ఇలాగే అన్నాను, ఆవిడ తప్పేం లేదని తర్వాత తెలిసింది.

మీరిద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. సరుకుని ప్లాట్‌ఫాం గోడౌన్‌లోనే పెట్టి అమ్మే పద్ధతిలో రిటర్నులు కూడా ఆ గోడౌన్‌కే వెళ్తాయి. మీకంటే ముందు ఎవడో ఒకడు అసలువి ఉంచేసుకుని నకిలీవి పెట్టి పంపుంటాడు, అక్కడ హడావుడిలో పెట్టె బాగానే ఉందని చూసి మళ్ళీ కొత్తదానిలా షెల్ఫులో పెట్టేసి ఉంటారు, అది మీ ఇంటికి వచ్చింది. సెల్లర్ ఆ పెట్టెని కంటితో చూసి కూడా ఉండడు. అసలు దొంగ మీ కథలో ఎక్కడా కనపడడు, ఆర్డర్ నంబర్ కూడా వేరే.

ఇదే మాట సెల్లర్‌కి నిదానంగా రాయండి. మీకు పెట్టె చేరినప్పుడు సీల్ ఎలా ఉందో, రెండో టేపు ఏమైనా అంటించి ఉందో చెప్పండి, ఫోటోలుంటే పంపండి. ఈ వస్తువు మీద ఇంతకుముందు రిటర్న్ ఏదైనా వచ్చి మళ్ళీ స్టాకులో చేరిందేమో గోడౌన్ వాళ్ళని అడగమనండి, ఆ రిపోర్టు సెల్లర్ అకౌంట్ నుంచి తీసుకునే వీలుంటుంది, మీకు రాదు. మాటలు మీరితే జవాబివ్వడం ఆపి ప్లాట్‌ఫాంకి రిపోర్ట్ చెయ్యండి, మెసేజ్‌లు మాత్రం డిలీట్ చెయ్యొద్దు. ఇకముందు కొంచెం విలువైనది ఏది వచ్చినా పెట్టె తెరిచేటప్పుడు ఫోన్ నిలబెట్టి వీడియో తీసుకోండి. నేను అన్న ఆవిడకి నేను క్షమించమని రాశాను, ఆవిడ జవాబివ్వలేదు. మీ సెల్లర్ రాస్తే, వీలైతే మీరు ఇవ్వండి.